గ్రీకు యుద్ధనౌకలను రోజూ ఒడ్డుకు లాగేవారా? ఎందుకు, ఎలా?

నీలికెరటం (ప్రశ్న)

హోమర్ కావ్యం ఇలియడ్‌లో ట్రాయ్ ఒడ్డున గ్రీకుల ఓడలన్నీ ఇసుక మీద వరుసలు కట్టి ఉంటాయి, వాటి పక్కనే గుడిసెలు. అది పురాణం, సరే. కానీ కొన్ని శతాబ్దాల తర్వాత ఏథెన్స్, స్పార్టా యుద్ధాల చరిత్రలోనూ ఇదే కనబడుతోంది. తిండి వేళకు ఒడ్డుకు వస్తారు, చీకటి పడితే ఒడ్డుకు వస్తారు. శత్రువు వచ్చి మీద పడేది కూడా తరచు ఆ సమయంలోనే.

తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి. 200 మంది ఎక్కే ట్రైరీమ్ (మూడు వరుసల తెడ్ల యుద్ధనౌక) లంగరు వేసుకుని నీటిలోనే ఎందుకు ఉండదు? అంత పెద్ద ఓడను ఇసుక మీదకు ఎలా ఎక్కించేవారు? రోజూ లాగితే అడుగు పాడవదా?

పాత_లంగరు

నీలికెరటం గారూ, మీ ప్రశ్నలో రెండు వేరు వేరు పనులు కలిసిపోయాయి. రాత్రికి ఒడ్డు చేరడం ఒకటి. ఓడను పూర్తిగా నేల మీదకు ఎక్కించి ఆరబెట్టడం ఇంకొకటి. మొదటిది దాదాపు రోజువారీ పని. రెండోది వీలు చిక్కినప్పుడే. చాలామంది రెండూ కలిపేసి "ప్రతి రాత్రీ పైకి లాగేవారు" అని రాసేస్తారు, అక్కడే తికమక మొదలవుతుంది. నేను మొదటిదాని గురించి చెబుతాను.

ఒడ్డు చేరడానికి కారణం మనుషులు. ట్రైరీమ్‌లో తెడ్డు వేసేవాళ్ళే 170 మంది: పై వరుసలో 62, మధ్యలో 54, కింద 54. పది మంది సాయుధ సైనికులు, నలుగురు విలుకాండ్రు. మిగిలిన 16 మందిలో సరంగు, ముక్కు దగ్గర నిలబడి చూసేవాడు, తెడ్ల లయ చెప్పేవాడు, వేణువు ఊదేవాడు, వడ్రంగి, తెరచాప చూసేవాళ్ళు. వీళ్ళందరూ ఎంత చోటులో? ఏథెన్స్ ఓడరేవు పిరేయస్‌లోని జియా రేవులో ఓడల షెడ్లు తవ్వితే ఒక్కోటి సుమారు 37 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు తేలింది. ఓడ అందులో పట్టాలి. ఆ కొలతలను బట్టి గ్రీసులో 1985-87లో కట్టిన ఒలింపియాస్ నమూనా ఓడ 36.9 మీటర్ల పొడవు, 5.5 మీటర్ల వెడల్పు. పడుకునే చోటు లేదు, వంట చోటు లేదు. సరుకు గది అన్నదే లేదు.

అన్నిటికంటే పెద్ద ఇబ్బంది నీళ్ళు. ఒలింపియాస్‌ను సముద్రంలో నడిపి చూసినప్పుడు ఎండలో తెడ్డు వేసే మనిషికి గంటకు లీటరు దాకా తాగునీరు కావాల్సి వచ్చింది. 170 మంది, 8 గంటలు అనుకుంటే దగ్గర దగ్గర 1,400 లీటర్లు, అంటే టన్నున్నర బరువు. రెండు రోజులకు సరిపడా మోస్తే ఓడ బరువెక్కి లోతుకు దిగుతుంది. కింది వరుస తెడ్ల కన్నాలు నీటిమట్టానికి అర మీటరు కూడా పైన లేవు. తెడ్డు చుట్టూ తోలు తిత్తి కట్టి నీరు రాకుండా చూసుకునేవారు గానీ, అలలు మీటరు దాటితే ఆ తిత్తులూ ఆగవు. కాబట్టి రోజూ ఊట లేదా వాగు ఉన్న ఒడ్డు వెతుక్కోక తప్పదు.

ఒడ్డుకు వచ్చేటప్పుడు ఓడను తిప్పి వెనక భాగాన్ని ముందు ఆనిస్తారు. ముక్కుకు నీటిమట్టంలో శత్రు ఓడను గుద్దే కంచు పొడుపు ఉంటుంది, అది ఇసుకలో దిగితే ఓడ కదలదు. వెనక భాగం వంపు తిరిగి పైకి లేచి ఉంటుంది కాబట్టి మెత్తగా ఆనుతుంది. అక్కడుండే రెండు చుక్కాని తెడ్లను ముందే పైకెత్తి కట్టేయాలి. మరిచిపోతే విరుగుతాయి. ముక్కు వైపు లంగర్లు, వెనక నుంచి ఒడ్డుకు మోకులు. ఓడిస్సీలో కూడా ఇదే పద్ధతి: లంగరు రాళ్ళు ముక్కు నుంచి జారవిడుస్తారు, వెనక మోకులు ఒడ్డున కడతారు. ఇలా ఉంటే ముక్కు సముద్రం వైపే ఉంటుంది కాబట్టి కేక వినగానే ఎక్కి బయలుదేరవచ్చు.

అయితే ఎక్కడానికి మనుషులు దగ్గరుండాలి! క్రీ.పూ. 405లో ఈగోస్పోటమి దగ్గర చెడింది అదే. 180 ఏథెన్స్ ఓడలు సంత లేని, ఊరు లేని ఉత్త ఒడ్డున ఆగాయి. తిండి సరుకులు సెస్టోస్ నుంచి తెచ్చుకోవాలి. జలసంధికి ఎదురు ఒడ్డున లాంప్సాకస్‌లో స్పార్టా సేనాపతి లైసాండర్‌కు రేవూ ఉంది, సరుకూ ఉంది. సెస్టోస్‌కు మారమని ఏథెన్స్ మాజీ సేనాపతి ఆల్కిబయడీస్ వచ్చి చెప్పినా సేనాపతులు వినలేదు. ఏథెన్స్ వాళ్ళు రోజూ యుద్ధానికి పిలవడం, స్పార్టా వాళ్ళు రాకపోతే వెనక్కి వచ్చి తిండికి చెదిరిపోవడం. లైసాండర్ నాలుగు రోజులు చూశాడు, ఐదో రోజు వాళ్ళు చెదిరిపోగానే దాటి వచ్చి పడ్డాడు. కొన్ని ఓడల్లో రెండు వరుసలకే మనుషులున్నారు, కొన్నిటిలో ఒక వరుసకే, కొన్ని ఖాళీ. ఏథెన్స్ సేనాపతి కోనన్ తొమ్మిది ఓడలతో తప్పించుకున్నాడు, మిగతావి దాదాపు అన్నీ ఒడ్డు మీదే పట్టుబడ్డాయి. 27 ఏళ్ళ యుద్ధం ఆ సాయంత్రంతో తేలిపోయింది.

ఆగకుండా పోలేరా అంటే పోగలరు, ఒక్క రోజుకు. క్రీ.పూ. 427లో తిరగబడిన మిటిలీన్ నగరపు మగవాళ్ళందరినీ చంపమని ఏథెన్స్ ఒక ఓడ పంపింది. మర్నాడు మనసు మార్చుకుని రెండో ఓడ పంపింది. రెండో ఓడ వాళ్ళు యవల పిండిని ద్రాక్షసారాయి, ఆలివ్ నూనెతో కలిపి తెడ్డు వేస్తూనే తిన్నారు, వంతులవారీగా నిద్రపోయారు, సరిగ్గా సమయానికి చేరారు. చరిత్రకారుడు థుసిడిడీస్ దాన్ని ప్రత్యేకించి రాశాడంటేనే అది మామూలు ప్రయాణం కాదని అర్థం.

ఉలి_బాడిస

పాత_లంగరు గారు మనుషుల సంగతి చెప్పారు. నేను చెక్క సంగతి చెబుతాను, ఎందుకంటే ఆరబెట్టడం అంతా చెక్క కోసమే.

ముందు కట్టుబడి. మనం చూసే చాలా చెక్క ఓడల్లో ముందు పక్కటెముకలు నిలబెట్టి తర్వాత పలకలు కొడతారు. వీళ్ళది తలకిందుల పద్ధతి, ముందు పలకల డొల్ల, తర్వాత లోపల ఎముకలు. అడుగు దూలం పెట్టి, దాని పక్కన మొదటి పలక. పలక అంచు మందంలోకి ఉలితో గాడి తొలుస్తారు, పక్క పలక అంచులోనూ అదే ఎదురులో ఇంకో గాడి. రెండు గాడుల్లోనూ సగం సగం దూరేలా మధ్యలో గట్టి ఓక్ చెక్క బిళ్ళ, అదే కుసి. రెండు పలకలూ బిగించాక కుసికి పైన ఒకటి, కింద ఒకటి బర్మాతో బెజ్జం వేసి చెక్క సీల దిగగొడతారు. ఇక ఆ పలకలు విడిపోవు, ఒకదాని మీద ఒకటి జారవు. సైప్రస్‌లోని కైరీనియా దగ్గర 1965లో దొరికిన సరుకు ఓడలో పలకల మందం 4 సెం.మీ.కు దగ్గర, కుసులు సుమారు 12 సెం.మీ.కు ఒకటి చొప్పున. మొత్తం వేలల్లో ఉంటాయి, ప్రతిదీ చేత్తో తొలిచిందే. సందుల్లో నార కూరే పని కూడా లేనంత దగ్గరగా అతికేవారు, చెక్క నీటికి ఉబ్బి సందు తనే మూసుకుంటుంది.

(సరుకు ఓడ ఉదాహరణ ఎందుకంటే ట్రైరీమ్ ఒక్కటి కూడా సముద్రం అడుగున దొరకలేదు. దానిలో అడుగు బరువు ఉండదు, నీరు నిండినా తేలుతూనే ఉంటుంది, గెలిచినవాడు కట్టి లాక్కుపోతాడు.)

ఇక ఏ చెక్క అన్నది. మొక్కల గురించి రాసిన ప్రాచీన గ్రీకు పండితుడు థియోఫ్రాస్టస్ స్పష్టంగా చెబుతాడు: యుద్ధ ఓడలకు ఫర్, తేలికగా ఉండాలి కాబట్టి. సరుకు ఓడలకు పైన్, తొందరగా కుళ్ళదు కాబట్టి. ట్రైరీమ్ అడుగు దూలం మాత్రం ఓక్, ఒడ్డుకు లాగేటప్పుడు ఒరిపిడి తట్టుకోవాలని. "రోజూ లాగితే పాడవదా" అన్న మీ సందేహానికి జవాబు ఈ ఒక్క ముక్కలో ఉంది. లాగుతారని తెలిసే అడుగును గట్టి చెక్కతో చేశారు, మిగతా ఒళ్ళంతా వేగం కోసం మెత్తటి చెక్కతో చేశారు.

ఆ మెత్తటి చెక్కే తంటా. నీటిలో ఉంచేస్తే మూడు రకాలుగా చెడుతుంది. చెక్క నీరు పీల్చి బరువెక్కుతుంది. అడుగున నాచు, బార్నకిల్స్ పట్టి ఈడుపు పెరుగుతుంది. పొడుపుతో గుద్దే యుద్ధంలో ఇది ప్రాణాంతకం, ఎందుకంటే గుద్దే దెబ్బ, తప్పుకునే మలుపు రెండూ వేగం మీదే ఆధారపడ్డాయి. మూడోది టెరిడో, పురుగులా కనిపించే ఆల్చిప్ప జాతి ప్రాణి. గుండుసూది తల అంత కన్నంతో లోపలికి దూరి, లోపలే పెరుగుతూ చెక్కను గుల్ల చేస్తుంది. పైకి పలక నిక్షేపంగా కనిపిస్తుంది, బాడిసతో తడితే గానీ తెలియదు. ఓడను నీటి నుంచి తీసి రోజుల తరబడి ఆరబెడితే ఆ ప్రాణి చస్తుంది. ఒక్క రాత్రి ఒడ్డున పెడితే చావదు.

ఆరిన చెక్కకే తారు పడుతుంది, అది ఇంకో కారణం. పైన్ చెట్టు బంక నుంచి కాచిన తారును వేడిగా పూస్తారు. తడి పలక మీద పూస్తే కింద ఆవిరి బొబ్బలు కట్టి పొరలుగా ఊడిపోతుంది. ఉత్త తారు చలికి పెళుసై పగులుతుంది కాబట్టి తేనెమైనం కలపడమూ ఉంది. హోమర్ ఓడలు "నల్లనివి" అయ్యింది ఈ తారు వల్లే.

ఇలా ఆరబెట్టే వీలు లేకపోతే ఏమవుతుందో క్రీ.పూ. 414 శీతాకాలంలో సిసిలీలోని సిరక్యూస్ మీదకు దండెత్తిన ఏథెన్స్ సేనాపతి నికియాస్ ఇంటికి రాసిన ఉత్తరం చెబుతుంది. మొదట మన ఓడలు ఆరి, మనుషులు నిండుగా ఉన్నారు. ఇప్పుడు ఓడలు ఎన్నాళ్ళుగానో నీటిలో నాని ఉన్నాయి, పైకి లాగి ఆరబెడదామంటే శత్రువుకు మనకు సమానంగానో ఎక్కువగానో ఓడలున్నాయి, ఏ క్షణాన పడతాడో తెలియదు. వాళ్ళ ఓడలు ఆరబెట్టుకోవడానికి మాత్రం వాళ్ళకు అడ్డులేదు. సారాంశం అది. మరుసటి ఏడాది, 413లో, సిరక్యూస్ పెద్ద రేవులో ఆ నౌకాదళం మొత్తం పోయింది. ఇరుకు చోటులో చిక్కడం లాంటి వేరే కారణాలూ ఉన్నాయి గానీ, నానిన ఓడల సంగతి నేను తక్కువ చేసి చూడను.

అతిగా ఆరినా ప్రమాదమే. ఎండలో వదిలేస్తే పలకలు ముడుచుకుని సందులు తెరుచుకుంటాయి. మళ్ళీ నీటిలో దింపాక చెక్క ఉబ్బేదాకా లోపలికి నీరు కారుతూనే ఉంటుంది, తోడుతూ ఉండాలి. అందుకే ఇంటి రేవులో పైకప్పున్న షెడ్లు కట్టారు. నీడ, గాలి రెండూ ఉండాలి. క్రీ.పూ. 330 నాటికి ఏథెన్స్ లెక్కల్లో పిరేయస్ మూడు రేవుల్లో ఇలాంటి షెడ్లు 372: జియాలో 196, కాంథరోస్‌లో 94, మునికియాలో 82.

మోకుముడి

లాగే పద్ధతి నేను చెబుతాను.

ఖాళీ ట్రైరీమ్ బరువుకు మామూలుగా వేసే అంచనా 25 టన్నుల చుట్టుపక్కల. పదికి ఒకటి వాలున్న ఒడ్డు అనుకోండి. వాలు మీద పైకి ఈడ్చడానికే రెండున్నర టన్నుల బలం కావాలి. జిడ్డు రాసిన దుంగల మీద ఒరిపిడికి ఇంకో నాలుగైదు టన్నులు. మొత్తం ఏడు టన్నులనుకుంటే 170 మందికి తలా 40 కిలోల పైచిలుకు. కాలు జారని నేల ఉంటే, అందరూ ఒక్క కేకకు లాగితే, సాధ్యమే. కానీ కదలని ఓడను మొదట కదిలించడానికి ఇంకా ఎక్కువ బలం కావాలి, ఇసుకలో కాళ్ళు దిగబడతాయి. అందుకే ఇది రోజూ సాయంత్రం సరదాగా చేసే పని కాదు. పాత_లంగరు గారి మాటే నా మాట.

లాగే ముందు తెడ్లు, తెరచాప, కొయ్య, నీళ్ళ కుండలు అన్నీ దింపాలి. దుంగలు ఓడకు అడ్డంగా పరచాలి. దుంగ లేకుండా ఇసుక మీద నేరుగా లాగితే దూలం ఇసుకను దున్నుకుంటూ కూరుకుపోతుంది. పైకి వచ్చాక రెండు పక్కలా ఆనుడు కర్రలు పెట్టాలి, లేకపోతే ఒరిగి పక్క పలకల మీద బరువు పడుతుంది. ఇలియడ్ మొదటి సర్గలో క్రైసీ అనే ఊరి నుంచి తిరిగొచ్చినవాళ్ళు ఓడను ఇసుక మీద ఎత్తుగా లాగి కింద పొడవాటి కర్రలు ఆనిస్తారు. రెండో సర్గలో ఇంటికి పోదామని జనం ఎగబడినప్పుడు చేసే మొదటి పని ఏమిటో చూడండి: ఓడలను దింపే కాలువల్లో పేరుకున్న పూడిక తీయడం, ఆనుడు కర్రలు లాగేయడం. ఓడ పని తెలిసినవాళ్ళ మధ్య పుట్టిన కథ అది.

దింపడం గురించి అందమైన వర్ణన ఆర్గో ఓడ కథలో ఉంది. ముందు ఓడ చుట్టూ మోకు బిగిస్తారు. ముక్కు ముందు నుంచి నీటి దాకా ఓడ వెడల్పున కాలువ తవ్వుతారు, ముందుకు పోయేకొద్దీ లోతు పెంచుతూ. అందులో నున్నటి దుంగలు పరుస్తారు. తెడ్లను తిరగేసి, పిడి వైపు మూరెడు బయటకు వచ్చేలా తెడ్డు మేకులకు కట్టి, రెండు పక్కలా ఆ పిడులకు ఛాతీ, చేతులు ఆనించి తోస్తారు. సరంగు టిఫిస్ ఎక్కి కేక వేస్తాడు. దూలం కింద దుంగలు ఒరిపిడికి పొగలు కక్కుతాయి. చివర్లో ఓడ దూసుకుపోకుండా మోకులతో వెనక్కి పట్టి ఆపుతారు. ఈ ఆఖరి మెట్టు మరవకూడదు, వాలులో 25 టన్నులు కదలడం మొదలుపెడితే చేతులతో ఆగదు.

ఇంకో జాగ్రత్త. ట్రైరీమ్ పొడవుకు వెడల్పు చాలా తక్కువ, నీటిలోనే రెండు కొసలు కిందికి వాలాలని చూస్తాయి. దాన్ని ఆపడానికి ముక్కు నుంచి వెనక దాకా లావు మోకులను మెలిపెట్టి బిగించేవారు. సగం నేల మీద, సగం నీటిలో ఎక్కువసేపు వదిలేస్తే భారమంతా ఒక్కచోట పడి కుసుల దగ్గర పలక చీలుతుంది. ఒలింపియాస్‌లో నార మోకుకు బదులు ఉక్కు మోకు వాడాల్సి వచ్చిందంటే ఆ బిగింపు ఎంతటిదో ఊహించుకోవచ్చు.

చలికాలానికి ప్రాచీన గ్రీకు కవి హెసియడ్ రైతులకు చెప్పిన పద్ధతి చిన్న పడవలకు ఇప్పటికీ పనికొస్తుంది. కృత్తికలు అస్తమించే వేళకు పడవ ఒడ్డెక్కాలి, గాలి తగలకుండా చుట్టూ రాళ్ళు పేర్చాలి, వాన నీరు నిలిచి కుళ్ళకుండా అడుగు బిరడా తీసేయాలి, తెరచాప సామాను ఇంట్లో పెట్టాలి, చుక్కాని తెడ్డును పొయ్యి పొగ మీద వేలాడదీయాలి.

నీలికెరటం

అందరికీ ధన్యవాదాలు. రెండు చిన్న సందేహాలు మిగిలాయి. ఓడిస్సీలో ఒడిస్సియస్ కాలిప్సో దీవి నుంచి 17 రోజులు ఏ ఒడ్డూ తగలకుండా పోయాడు కదా, అదెలా? రెండోది, ఇలియడ్‌లో గ్రీకుల నాయకుడు అగమెమ్నాన్ "తొమ్మిదేళ్ళు గడిచాయి, ఓడల చెక్కలు కుళ్ళాయి, తాళ్ళు సడలాయి" అంటాడు. కుసులతో కట్టిన ఓడకు తాళ్ళెందుకు?

పాత_లంగరు

మొదటిదానికి జవాబు చిన్నదే. అక్కడ తెడ్డు వేసేవాళ్ళు లేరు. ఒక్క మనిషి, తెరచాప, ఒక తిత్తి ద్రాక్షసారాయి, పెద్ద తిత్తి నీళ్ళు, ఒక సంచి తిండి. నీళ్ళ లెక్క మారిపోయింది కాబట్టి ఒడ్డు అవసరం లేదు. 20 చెట్లు కొట్టి, బర్మాతో బెజ్జాలు వేసి, సీలలు, కుసులతో బిగించి నాలుగు రోజుల్లో కట్టాడు. రాత్రి నిద్రపోకుండా కృత్తికలను, సప్తర్షి మండలాన్ని చూస్తూ, సప్తర్షులను ఎడమ చేతి వైపు ఉంచుకుని పోయాడు, అంటే తూర్పుకు. ఆ కాలంలో సప్తర్షి చుక్కలు గ్రీసు ఆకాశంలో అస్తమించేవి కావు, రాత్రంతా గుర్తుకు నమ్మదగ్గవి.

సరుకు ఓడలదీ ఇదే తీరు. కైరీనియా ఓడలో నాలుగేసి గిన్నెలు, చెంచాలు దొరికాయి కాబట్టి నడిపినవాళ్ళు నలుగురని అంచనా. దాదాపు 400 జాడీల సరుకుకు నలుగురే. వాళ్ళకు రోజూ ఒడ్డు అక్కర్లేదు, లాగే బలమూ లేదు. టెరిడోకు అడ్డుగా అడుగంతా సీసపు రేకు కొట్టించుకున్నారు. యుద్ధ ఓడకు ఆ బరువు కుదరదు.

ఉలి_బాడిస

ఆ తాళ్ళు తెరచాప తాళ్ళా, పలకలు కుట్టిన తాళ్ళా అన్నది పండితుల్లో తేలలేదు. నా మొగ్గు కుట్టు తాళ్ళ వైపే. పాత గ్రీకు ఓడలు కుట్టినవి అనడానికి చెక్క సాక్ష్యం ఉంది. మార్సేయ్‌లో 1993లో క్రీ.పూ. 6వ శతాబ్దపు రెండు గ్రీకు పడవలు ఒకేచోట దొరికాయి. చిన్నది పూర్తిగా నార తాళ్ళతో కుట్టింది. పెద్దది చాలావరకు కుసులతో, అక్కడక్కడ మాత్రం కుట్టుతో చేసింది. ఇజ్రాయెల్ తీరంలో దొరికిన క్రీ.పూ. 400 ప్రాంతపు మాగన్ మిఖాయెల్ ఓడకు వచ్చేసరికి కుట్టు రెండు కొసలకే మిగిలింది. అయితే మధ్యధరా సముద్రపు తూర్పు తీరాల్లో కుసులు అంతకు ఎంతో ముందే ఉన్నాయి, టర్కీ తీరంలో దొరికిన క్రీ.పూ. 14వ శతాబ్దపు ఉలుబురున్ ఓడ కుసులదే. అంటే రెండు పద్ధతులూ చాలాకాలం పక్కపక్కనే నడిచాయి.

కుట్టు పడవ నాసిరకం అనుకోవద్దు. మన కోరమాండల్ తీరపు మసూలా పడవ కొబ్బరి తాడుతో కుట్టిందే. రేవు లేని చోట పెద్ద కెరటాలు పడవను ఎత్తి ఇసుక మీద కొడితే, మేకులు కొట్టిన పడవ పలకలు పగులుతాయి, మసూలా పడవ ఒళ్ళు సాగి సర్దుకుంటుంది. భారత నౌకాదళం 2025లో చేర్చుకున్న కౌండిన్య ఓడ కూడా కొబ్బరి తాడుతో కుట్టిందే. దీని బలహీనత తాడే: తడవడం, ఆరడం మారుతూ ఉంటే నార చివికి కుట్టు వదులవుతుంది, మళ్ళీ మళ్ళీ కుట్టాలి. అగమెమ్నాన్ ఓడలు ఎండకు, వానకు ఇసుక మీద తొమ్మిదేళ్ళు నిలబడ్డాయి, సరిగ్గా ఇదే జరగాలి.

మరి కుట్టు ఎందుకు మానేశారంటే, పొడవు. కుట్టిన పలకలు బరువు పడితే ఒకదాని మీద ఒకటి కొంచెం జారతాయి. చిన్న పడవకు అది మేలు. 37 మీటర్ల సన్నటి ఓడకు, పైగా ముక్కుతో ఇంకో ఓడను గుద్దే ఓడకు, ఆ జారుడు పనికిరాదు. సీల కొట్టిన కుసి ఆ జారుడును ఆపుతుంది. దానికి చెల్లించిన మూల్యం మరమ్మతు: కుట్టు పడవలో పాడైన పలకను తాళ్ళు కోసి తీసేయవచ్చు, కుసుల ఓడలో చుట్టూ ఉన్న కుసులన్నీ కోసి, కొత్త ముక్కకు బయటి వైపు నుంచి గాడి తెరిచి అతుకు వేయాలి. కైరీనియా ఓడ అడుగున అలాంటి అతుకులు ఇప్పటికీ కనిపిస్తాయి.